రేసింగ్ విమానానికి ఏ మోటార్ అని అడిగే ముందు ఎయిలెరాన్ పట్టుకుని ఊపి చూడండి

రేడియో కంట్రోల్ రేసింగ్ విమానం కిట్ వచ్చింది, మొదటిసారి బిగిస్తున్నాను, ఏ మోటార్ వేస్తే ఎక్కువ స్పీడ్ వస్తుంది, క్షేమంగా ఎగరేయాలంటే ఏం చూసుకోవాలి అని అడిగారు. మోటార్ సంగతి చివర్లో చెబుతాను, ఎందుకంటే మీ విమానం నెల తర్వాత కూడా ఒక్క ముక్కగా ఉంటుందా లేదా అన్నది మోటార్ మీద ఆధారపడదు.

ఇన్నేళ్లు ఈ విమానాలు బిగించి, ఎగరేసి, ఇతరులవి కూలడం చూసి నాకు గట్టిగా ఏర్పడిన అభిప్రాయం ఒకటే. రేసర్‌ని కూల్చేది ఎక్కువగా లూజు. సర్వో (రెక్క, తోకల మీది కదిలే పలకల్ని తిప్పే చిన్న మోటారు) గేర్లలో లూజు, పుష్‌రాడ్ (సర్వో నుంచి పలకకి వెళ్లే సన్నని కడ్డీ) చివర లూజు, పలకని పట్టే హింజ్‌లో లూజు, బ్యాటరీ పట్టీలో లూజు. జనం గాలిని తిడతారు, రేడియో సిగ్నల్ పోయిందంటారు, చేతులు వణికాయంటారు. శకలాలు ఏరుకుని బల్ల మీద పరిచి చూస్తే మాత్రం ఎక్కడో ఒకచోట లూజు కనబడుతుంది.

ట్రైనర్ (నేర్చుకోవడానికి వాడే నెమ్మది) విమానం మీద ఏమీ కాని లూజు రేసర్‌ని ఎందుకు చంపుతుందో అర్థం కావాలంటే చిన్న లెక్క చాలు. గాలి తోపుడు వేగం పెరిగినంతే పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. ట్రైనర్ గంటకు 50 కిలోమీటర్ల వేగంతోనూ రేసర్ 150తోనూ పోతున్నాయనుకోండి, వేగం మూడింతలే, ఎయిలెరాన్ (రెక్క వెనక అంచున కదులుతూ విమానాన్ని పక్కకి ఒరిగించే పలక) మీద పడే బలం మాత్రం తొమ్మిదింతలు. అక్కడ ఎయిలెరాన్ కాస్త వదులుగా ఉంటే గాలి దాన్ని పైకీ కిందికీ కొట్టడం మొదలుపెడుతుంది, దాంతో రెక్క మెలి తిరుగుతుంది, రెక్క మెలికతో ఎయిలెరాన్ ఇంకా గట్టిగా కొట్టుకుంటుంది, ఒకదాన్ని ఒకటి ఎగదోసుకుంటూ క్షణాల్లో చేతికి అందని స్థితికి వెళ్తాయి. దీన్నే ఫ్లట్టర్ అంటారు.

మా ఫీల్డ్‌కి వచ్చే ఒక కుర్రాడి విమానం మీద ఇది నా కళ్ల ముందే జరిగింది. కుర్రాడు తెలివైనవాడు, చేతి పని కూడా శుభ్రంగా ఉంటుంది, పైన వేసిన ఫిల్మ్ మీద ఒక్క ముడత లేదు. విమానం ఎగరేసే ముందు ఒకసారి చూడనిమ్మని తీసుకున్నాను. రేడియో ఆన్‌లో ఉంది, సర్వో బిగిసి ఉంది, ఎయిలెరాన్ వెనక అంచు రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా పైకీ కిందికీ ఊపితే సర్వో ఆర్మ్ కదలకుండానే అంచు ఒక మిల్లీమీటరుకి పైగా కదిలింది. టిక్ టిక్ అని చిన్న చప్పుడు కూడా వచ్చింది. "తమ్ముడూ, ఇది ఇలా ఎగరేయకు" అన్నాను. "అన్నా, నా ట్రైనర్‌లో ఇంతకంటే ఎక్కువే ఉండేది, ఏం కాలేదు" అన్నాడు. సరే, ముందు సగం థ్రాటిల్ దాటకుండా తిప్పమన్నాను.

సగం థ్రాటిల్‌లో విమానం ముచ్చటగా తిరిగింది. అందుకే ధైర్యం వచ్చిందనుకుంటాను. పైకి తీసుకెళ్లి, ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, ముక్కు కాస్త దించి మా ముందు నుంచి లాగించాడు. సరిగ్గా మా ఎదురుగా వచ్చేసరికి బర్ర్‌ర్‌మని ఒక చప్పుడు, ప్రొపెల్లర్ చప్పుడు కాదు, దళసరి అట్టని ఫ్యాన్ రెక్కలకి ఆనిస్తే వచ్చేలాంటిది. నేను "థ్రాటిల్ కొట్టెయ్" అని అరిచాను. వాడు వెంటనే కోసేశాడు, ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) మెల్లగా లాగి వేగం చంపాడు, విమానం కుడి వైపుకి ఒరిగిపోతుంటే రడ్డర్‌తో (తోక మీది నిలువు పలక) ఎలాగో నిలబెట్టి గడ్డిలో దింపాడు. ఆ దింపడానికి నేను ఇప్పటికీ వాణ్ణి మెచ్చుకుంటాను.

దగ్గరికెళ్లి చూస్తే కుడి ఎయిలెరాన్ ఒకే ఒక్క హింజ్ మీద వేలాడుతోంది. సర్వో ఆర్మ్ వేలితో తిప్పితే అడ్డూ ఆపూ లేకుండా తిరుగుతోంది, లోపల గేర్ పళ్లు చెక్కుకుపోయాయి. ఇదంతా రెండు మూడు సెకన్ల చప్పుడులో. అసలు కారణం కంట్రోల్ హార్న్‌లో ఉంది, అంటే పుష్‌రాడ్ తగిలించడానికి ఎయిలెరాన్ మీద ఉండే చిన్న కొమ్ములో. క్లెవిస్ (పుష్‌రాడ్ చివరి క్లిప్పు) పిన్ను మందం 1.6 మిల్లీమీటర్లు, వాడు హార్న్ రంధ్రాన్ని చేతికి దొరికిన 2 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో పెద్దది చేశాడు. తేడా 0.4 మిల్లీమీటర్లు. హింజ్ నుంచి ఆ రంధ్రం 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంది, ఎయిలెరాన్ వెనక అంచు 36 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. అంటే అక్కడి 0.4 ఇక్కడికి వచ్చేసరికి 1.2 అయింది. వేళ్లకి తగిలిన టిక్ టిక్ అదే.

మీరు కూడా ఇప్పుడే లేచి వెళ్లి మీ విమానం ఎయిలెరాన్, ఎలివేటర్ అలా ఊపి చూడండి. రంధ్రం పెద్దదైతే అందులో ఒక చుక్క పలుచని సీఏ జిగురు (సూపర్ గ్లూ) వేసి, పూర్తిగా ఆరాక సరైన సైజు బిట్‌తో మళ్లీ పొడవండి, లేదా హార్న్ మార్చేయండి. ఇంకో ముఖ్యమైన విషయం, సర్వో ఆర్మ్ మీద లోపలి రంధ్రం, హార్న్ మీద బయటి రంధ్రం వాడండి. అప్పుడు సర్వోకి పట్టు పెరుగుతుంది, ఉన్న కాస్త లూజు కూడా ఎయిలెరాన్ దగ్గర తగ్గిపోతుంది. చాలామంది దీనికి సరిగ్గా ఉల్టా చేస్తారు. పొడవాటి ఆర్మ్ చివరి రంధ్రంలో రాడ్ తగిలించి, కదలిక ఎక్కువైందని ట్రాన్స్‌మిటర్‌లో (చేతిలోని రేడియోలో) 40 శాతానికి కోసేస్తారు. తెర మీద అంకె బాగానే కనిపిస్తుంది, సర్వో పట్టు మాత్రం పోయినట్టే. కదలిక తగ్గించడం ముందు రంధ్రాలతో చేయాలి, ట్రాన్స్‌మిటర్ శాతాలు ఆఖరి సర్దుబాటుకి మాత్రమే. పుష్‌రాడ్ వేళ్ల మధ్య నొక్కితే విల్లులా వంగకూడదు. క్లెవిస్ మీద చిన్న సిలికాన్ ట్యూబు ముక్క తొడగండి, ఊడిపోకుండా అది కాస్తుంది.

రెక్క సంగతి. పైలాన్ రేసింగ్‌లో మూడు స్తంభాల చుట్టూ ఎప్పుడూ ఎడమకే తిరుగుతారు, ఆ మలుపుల దగ్గరే విమానం మీద అసలు బరువు పడుతుంది. సెకనుకు 50 మీటర్ల వేగంతో, అంటే గంటకు 180 కిలోమీటర్లతో, 25 మీటర్ల వ్యాసార్ధంలో మలుపు తిప్పితే 10 జీ పైమాట, అంటే ప్రతి వస్తువూ తన బరువుకి పది రెట్లు లాగుతుంది. మీ విమానం కిలో ఉంటే ఆ క్షణం రెక్కల మధ్య అతుకు పది కిలోలు మోస్తోంది. 300 గ్రాముల బ్యాటరీ మూడు కిలోల బరువుతో పట్టీని లాగుతోంది. ఇది తెలిసిన మనిషి రెక్క అతుక్కి ఐదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ జిగురు వాడడు. ముప్పై నిమిషాల ఎపాక్సీ తీసుకోండి, అది చెక్కలోకి ఇంకేదాకా టైమ్ దొరుకుతుంది. జాయినర్ (రెండు రెక్కల్ని కలిపే ముక్క) నున్నగా ఉంటే ఇసుక కాగితంతో గరుకు చేయండి, రాత్రంతా కదపకుండా వదిలేయండి. తెల్లారాక ఎగరేస్తే కొంప మునగదు.

ఇక్కడ ఒక ఫిర్యాదు చెప్పుకోవాలి. గంటలో బిగించేశాం చూడండి అని వీడియోలు పెడుతున్నారు. వాటిలో తోక రెక్కని ఫ్యూజలాజ్‌కి (విమానం మొండేనికి) అతికించే చోట ఫిల్మ్ తీయడానికి బ్లేడుతో సర్రున గీసేస్తారు. ఆ గీత ఫిల్మ్‌తో ఆగదు, కింద బాల్సా అనే తేలిక చెక్కలోకి దిగుతుంది. బాల్సా షీట్ బలమంతా పై పొరలోనే ఉంటుంది, అక్కడ గీత పడితే తోక రెక్క ఏదో ఒక మలుపులో ఆ గీత వెంబడే మడత పడుతుంది. వేడి సోల్డరింగ్ ఐరన్ మొనతో ఫిల్మ్‌ని కరిగించి తీయాలి, చెక్కకి గాటు పడదు. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. వేలమంది చూసే వీడియోలో ఇది చూపించకపోవడం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది, ఎందుకంటే ఆ తోక ఊడిన విమానం ఎవరి మీద పడుతుందో ఎవరికీ తెలియదు.

పడితే ఏమవుతుందో కూడా లెక్క ఉంది. గంటకు 150 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 42 మీటర్లు. ఆ వేగంలో కిలో విమానం గుద్దితే, సుమారు 88 మీటర్ల ఎత్తు నుంచి కిలో బరువు జారిపడినంత శక్తి. రేసుల్లో పైలట్లూ, వాళ్ల పక్కన నిలబడి ఎప్పుడు తిప్పాలో చెప్పే కాలర్లూ హెల్మెట్ పెట్టుకునేది అందుకే. మీరు ఒంటరిగా ఎగరేసినా ఒక గీత అనుకోండి, విమానం ఎప్పుడూ ఆ గీతకి అవతలే, మనుషులు ఎప్పుడూ ఇవతలే. తల మీంచి గానీ వెనక నుంచి గానీ తిప్పకూడదు, ఎవరైనా చూస్తున్నారని సరదాకి దగ్గరగా లాగించకూడదు. మాట్లాడ్డానికి ఒక్క సెకను తల తిప్పితే విమానం 40 మీటర్లు పోతుంది, మళ్లీ చూసేసరికి అది మీవైపు వస్తోందో అటు పోతోందో కూడా తెలియదు.

సెట్టింగులు చేసేటప్పుడు ప్రొపెల్లర్ తీసేయండి. దీని మీద నాతో ఎవరూ వాదించొద్దు. లైపో బ్యాటరీ ప్లగ్ పెట్టిన క్షణం నుంచి మోటార్ బతికి ఉన్నట్టే, ఒక తప్పుడు స్విచ్‌తో తిరగొచ్చు. 6 అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 20,000 సార్లు తిరిగితే దాని కొన గంటకు 570 కిలోమీటర్ల వేగంతో పోతుంది, వేలు ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ప్రొపెల్లర్ పెట్టాక దాని ముందుగానీ, అది తిరిగే వరుసలో పక్కన గానీ ఎవరూ ఉండకూడదు. అంచు చిన్నగా చిట్లినా పారేయాలి. ట్రాన్స్‌మిటర్ ముందు ఆన్, చివర్లో ఆఫ్. ప్రొపెల్లర్ లేకుండా మోటార్ నెమ్మదిగా తిప్పి, ట్రాన్స్‌మిటర్ ఆపేయండి, మోటార్ ఆగాలి. ఆగకపోతే ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే మోటార్ ఆపే ఏర్పాటు) సరిగా పెట్టలేదని అర్థం, ఆ రోజు ఎగరేయడం లేదు. ఫ్యూజలాజ్ కార్బన్‌దైతే రిసీవర్ యాంటెనాల కొనలు బయటికి రావాలి, 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి కార్బన్ గోడలాంటిది. రేంజ్ చెక్ మీ రేడియో మాన్యువల్‌లో చెప్పిన దూరంలో చేయండి, ఒకసారి మోటార్ ఆపి, ఒకసారి విమానాన్ని వేరే మనిషి గట్టిగా పట్టుకోగా మోటార్ తిప్పుతూ.

సీజీ (విమానం బరువు తూగే బిందువు) మాన్యువల్‌లో ఉన్నచోటే, బ్యాటరీ పెట్టాక చూడాలి. మొదటి రోజుకి కొంచెం ముందుకు ఉన్నా నష్టం లేదు, వెనక్కి పోతే మాత్రం ఎలివేటర్ తాకితే చాలు ముక్కు లేచిపోతుంది, రేసర్ వేగంలో దాన్ని పట్టుకోవడం కష్టం. తర్వాత విమానం వెనక నిలబడి స్టిక్ కుడికి నెట్టండి, కుడి ఎయిలెరాన్ పైకి లేవాలి. ఎదురుగా నిలబడి చూస్తే కుడి ఎడమలు తికమక పడతాయి. ప్రతిసారీ, బ్యాటరీ మార్చినప్పుడు కూడా, ఇది చూడాల్సిందే.

మొదటి ఫ్లైట్‌లో గాలికి ఎదురుగా, సగానికి కాస్త ఎక్కువ థ్రాటిల్‌తో పైకి తీసుకెళ్లి ట్రిమ్ చేయండి, అంటే స్టిక్ వదిలినా తిన్నగా పోయేలా సర్దండి. చేత్తో విసిరే విమానమైతే విసిరే మనిషి వేరే ఉంటే మంచిది, మీ రెండు చేతులూ స్టిక్‌ల మీదే ఉంటాయి. పైన మోటార్ తగ్గించి ఎంత నెమ్మదిలో విమానం జారిపోతుందో చూసుకోండి, దిగేటప్పుడు మీకు ఆ వేగం తెలిసి ఉండాలి. కొత్తవాళ్లు ఎక్కువగా పోగొట్టుకునేది ఆఖరి మలుపులోనే. దూరం ఎక్కువైందనిపించి, కింద, నెమ్మదిగా వస్తున్న విమానాన్ని నిట్టనిలువుగా ఒరిగించి ఎలివేటర్ లాగుతారు. ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీలు ఒరిగిస్తే రెక్కల మీద భారం రెట్టింపు, స్టాల్ అయ్యే (రెక్కకి గాలి పట్టు పోయి విమానం పడిపోయే) వేగం 1.4 రెట్లు. అది ఒక రెక్క మీద పడిపోతుంది, లేపడానికి ఎత్తు ఉండదు. దూరంగా, వెడల్పుగా, మోటార్ కొంచెం ఇస్తూ తిప్పండి. గడ్డిలో కాస్త అవతల దిగితే నడిచి తెచ్చుకోవచ్చు.

గాల్లో బర్ర్‌మని వింత చప్పుడు వస్తే ముందు థ్రాటిల్ కోసి, ఎలివేటర్ మెల్లగా లాగి, దింపేయండి. చప్పుడు ఆగిపోయింది కదా అని ఇంకో రౌండ్ వేయొద్దు. సర్వో గేర్లు, హింజ్‌లు, రెక్క అతుకు అన్నీ చూసి, కారణం దొరికాకే మళ్లీ ఎగరేయండి.

ఇక మోటార్. కిట్ మాన్యువల్‌లో రాసినదే వేయండి, అంతకంటే పెద్దది వద్దు. రెక్కా తోకా ఆ వేగానికి డిజైన్ చేసి ఉంటాయి. పైగా వేగం మోటార్ ఒక్కదానితో రాదు, ప్రొపెల్లర్ పిచ్‌తో (ఒక చుట్టుకి అది ముందుకు వెళ్లే దూరం) వస్తుంది. 6 అంగుళాల పిచ్ నిమిషానికి 20,000 సార్లు తిరిగితే లెక్క ప్రకారం గంటకు 183 కిలోమీటర్లు, గాల్లో అంతకంటే తక్కువే దొరుకుతుంది. ఫుల్ ఛార్జ్ బ్యాటరీతో, విమానాన్ని గట్టిగా కట్టేసి, వాట్‌మీటర్ పెట్టి ఫుల్ థ్రాటిల్‌లో ఎన్ని ఆంపియర్లు లాగుతోందో చూడండి. ఈఎస్సీ (మోటార్ వేగాన్ని అదుపు చేసే పరికరం) మీద రాసిన అంకెకి దగ్గరగా వస్తే పిచ్ ఒక అంగుళం తగ్గించి మళ్లీ కొలవండి.