తాడు తెగితే గ్లైడర్ ఏమవుతుంది?

ప్రశ్న: మా అబ్బాయి పుణెలో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవుల్లో హడప్సర్‌లో గ్లైడింగ్ నేర్చుకుంటానంటున్నాడు. వాడు పంపిన వీడియోలో ఇంజన్ లేని విమానాన్ని తాడుతో లాగగానే దాదాపు నిటారుగా పైకి లేచింది. చూస్తేనే గుండె దడ. ఆ తాడు మధ్యలో తెగితే? ఇంకో విమానంతో లాగించుకోవడం మేలు కదా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: మీరు చూసింది వించ్ లాంచ్ అమ్మా. మైదానానికి ఆ చివర తాడు చుట్టుకునే పెద్ద డ్రమ్ము, దాన్ని తిప్పే ఇంజన్. ఈ చివర గ్లైడర్. మధ్యలో సుమారు కిలోమీటరు తాడు. పొట్ట కింద ఒకటే చక్రం కాబట్టి గ్లైడర్ ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, అందుకని ఒకరు రెక్క చివర పట్టుకుని నిలబెట్టి, అది కదలగానే దాంతోపాటు నాలుగడుగులు పరుగెత్తి వదిలేస్తారు. సంక్రాంతికి దారం పట్టుకుని పరుగెడితే గాలిపటం లేస్తుంది చూడండి, ఇదీ అంతే. ముప్పావు నిమిషం లోపే 300, 400 మీటర్ల ఎత్తు. అక్కడ పైలట్ పసుపు రంగు పిడి లాగితే తాడు ఊడి, చివరనున్న చిన్న పారాచూట్‌తో కిందికి దిగుతుంది. లాగడం మరిచిపోయినా, గ్లైడర్ వించ్‌ని దాటేసరికి కొక్కెం తనంతట తనే వదిలేస్తుంది.

ఇక తాడు సంగతి. తెగుతుందమ్మా, తెగదని చెప్పి మిమ్మల్ని ఊరడించను. అసలు గ్లైడర్ మీద మరీ బరువు పడితే రెక్కల కంటే ముందు అదే తెగాలని, తాడుకీ గ్లైడర్‌కీ మధ్య కావాలనే ఒక బలహీనమైన లింకు పెడతారు. తెగిన క్షణంలో ముక్కు ఆకాశం వైపు ఉంటుంది, లాగే బలం లేదు, వేగం రెండు మూడు సెకన్లలోనే పడిపోతుంది. కాబట్టి వెంటనే ముక్కు దించాలి, మీటరులో సరిపడా వేగం కనిపించేదాకా ఆగాలి, మిగతావన్నీ ఆ తర్వాతే. ఎత్తు తక్కువైతే ఎదురుగా ఉన్న మైదానంలోనే నేరుగా దిగిపోవాలి, ఎక్కువైతే చిన్న చుట్టు తిరిగి రావాలి. వేగం అందకముందే కంగారుపడి మలుపు తిప్పితేనే ప్రమాదం. అందుకే ఒంటరిగా పంపే ముందు, శిక్షకుడు వెనక సీట్లోంచి చెప్పాపెట్టకుండా తాడు వదిలేసి పరీక్షిస్తాడు.

విమానంతో లాగిస్తే భయం ఉండదా అంటే, నేనలా అనుకోను. 50, 60 మీటర్ల తాడు వెనక గ్లైడర్ తన స్థానం తప్పకుండా నడవాలి. అది మరీ పైకి లేచిందంటే ముందున్న విమానం తోకని పైకెత్తేస్తుంది, అప్పుడు ప్రమాదం ఆ విమానం నడిపేవాడికి. ఖర్చూ ఎక్కువే. కాకపోతే గాలి పైకి లేచే చోటికే తీసుకెళ్లి వదులుతుంది, అది పెద్ద లాభం. 2018లో అర్జెంటీనాలో పెర్లాన్ 2 గ్లైడర్ 76 వేల అడుగులు దాటింది కూడా, ముందు ఒక విమానం చాలా ఎత్తుకు లాక్కెళ్లి వదిలాకే.

1920లలో జర్మనీలోని వాసర్‌కుప్పె కొండ మీద ఈ ఇంజన్లేవీ లేకుండా, కుర్రాళ్లు రెండు వరసలుగా రబ్బరు తాడు పట్టుకుని వాలులో కిందికి పరుగెత్తి, ఉండేలు దెబ్బలా గ్లైడర్‌ని వదిలేవాళ్లు. ఇంగ్లండ్‌లో లాంగ్ మింద్ కొండ మీద ఆ పద్ధతిని ఇప్పటికీ కాపాడుకుంటున్నారు, నాకు అది ఎంతో ఇష్టం.

అబ్బాయిని ఆపకండి. నాలుగు వారాలయ్యాక ఫోన్లో ఒక్కటి అడగండి: "50 మీటర్ల ఎత్తులో తాడు తెగితే ముందేం చేస్తావురా?" తడుముకోకుండా "ముక్కు దించుతానమ్మా" అన్నాడంటే వాడికి పాఠం సరిగ్గానే చెబుతున్నారు.