కప్ప, కోడి ఉండగా సీ స్క్విర్ట్ పిండమే ఎందుకు?

మీ ప్రశ్న బాగుంది: వెన్నెముక జీవుల పిండం గురించి తెలుసుకోవడానికి కప్ప, కోడిగుడ్డు ఉండగా, సముద్రంలో బండకు అతుక్కుని కదలకుండా పడుండే సీ స్క్విర్ట్ అనే జీవితో ఏం పని అని. అనంతపురంలో డిగ్రీ చదివేటప్పుడు నాకూ ఇదే డౌటు. మా ల్యాబులో ఫార్మలిన్ సీసాలో హెర్డ్‌మానియా అనే ఒక రకం సీ స్క్విర్ట్ ఉండేది, ముడతలు పడిన చిలగడదుంపలాగా. సముద్రం మొహమే చూడని మేమంతా 'తిరోగమన రూపవిక్రియ' (అంటే పెద్దయ్యేకొద్దీ శరీరం ఇంకా సాదాగా మారిపోవడం) అని బట్టీ కొట్టి రాసేసి వచ్చాం.

అసలు సంగతంతా అది బండకు అతుక్కోక ముందే ఉంది. పిల్లప్పుడు తోకకప్పలా ఈదుతుంది, తోకలో పృష్ఠవంశం (నోటోకార్డ్, వెన్నెముకకు ముందు వచ్చే కడ్డీ లాంటిది), దానిపైన నాడీదండం, మన పిండంలో ఉన్నట్టే. 1866లో రష్యా శాస్త్రవేత్త కొవలెవ్‌స్కీ ఇది గమనించాకే దీన్ని మన బంధువుల్లో చేర్చారు. సియోనా అనే జాతిలో ఆ ఈదే పిల్ల (డింభకం) మొత్తం కలిపి సుమారు 2,600 కణాలే, అందులో పృష్ఠవంశానికి 40. ఏ గుడ్డు తీసుకున్నా కణాలు ఒకే తీరుగా విడిపోతాయి కాబట్టి ఇది కండరం అవుతుంది, అది నాడి అవుతుంది అని ముందే వేలు పెట్టి చూపించొచ్చు. స్టయెలా అనే ఇంకో సీ స్క్విర్ట్ గుడ్డులో పసుపుపచ్చ పదార్థం ఏ కణాల్లోకి పోతే అవే తోక కండరాలవుతాయని 1905లో అమెరికా శాస్త్రవేత్త కాంక్లిన్ కంటితో చూసి రాశాడు. కండరాన్ని నిర్ణయించే మాచో-1 అనే ఆర్‌ఎన్‌ఏని (జన్యువు సందేశం మోసే అణువు) జపాన్‌లో నిషిడా, సవాడా అనే శాస్త్రవేత్తలు మరో సీ స్క్విర్ట్ జాతిలో 2001లో పట్టుకున్నారు.

పీజీ ప్రాజెక్టుకు నేను తూత్తుకుడి పోయాను. ముట్టుకుంటే మొహం మీద నీళ్ళు చిమ్మింది, పేరు ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది. మొదటి బ్యాచ్ పిండాలన్నీ చచ్చిపోయాయి, ఎందుకంటే గాజు గిన్నెల్ని ఇంట్లో తోమినట్టు సబ్బుతో తోమి పెట్టాను, ఆ సబ్బు కాస్త మిగిలినా చాలు వాటికి. రెండోసారి తోక మొలిచే దశలో చూస్తే పృష్ఠవంశం కణాలు రూపాయి బిళ్ళలు దొంతర పెట్టినట్టు ఒకదాని వెనక ఒకటి! సీసాలో చిలగడదుంప గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఇంకో లాభం, సియోనా డీఎన్‌ఏని 2002లోనే చదివేశారు. దాదాపు 16 కోట్ల అక్షరాలు, మనవి 300 కోట్లు. మనలో రెండు మూడు కాపీలున్న జన్యువులు ఇందులో చాలావరకు ఒక్కటే, ఒకదాన్ని ఆపితే ఏమవుతుందో సూటిగా తెలుస్తుంది.

ఎముకలు, కాళ్ళు చేతుల గురించైతే మాత్రం దీని జోలికి పోవద్దు, దీనికి అవి లేవు. అనంతపురంలోనే కూర్చుని చేయాలంటే కోడిగుడ్డే దిక్కు.