కొండ లోపలి కర్మాగారం నుంచి వంద రాకెట్లు

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికన్ సైనికులు జర్మనీలో వి-2 రాకెట్ల (జర్మన్లు దూరపు నగరాలపై ప్రయోగించిన క్షిపణుల) ఫ్యాక్టరీని పట్టుకున్నారని విన్నాను. అంత పెద్ద రాకెట్లను అమెరికా దాకా ఎలా చేర్చారు?
— ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: చాలా మటుకు విడి భాగాలుగానే చేర్చారు. 1945 ఏప్రిల్ 11న అమెరికన్ సైన్యం నార్డ్‌హౌజెన్‌లో అడుగుపెట్టింది. ఊరి పక్కనున్న కోన్‌స్టైన్ కొండను తొలిచి కట్టిందే మిట్టెల్‌వెర్క్ కర్మాగారం. రెండు పొడవైన సొరంగాలు, వాటిని కలుపుతూ నిచ్చెన మెట్లలా నలభైకి పైగా అడ్డ సొరంగాలు. రైలు పట్టాలు కొండ లోపలికే వెళ్తాయి. సామాను మోయడానికి అదే కలిసొచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేం. ఆ రాకెట్లు తయారుచేసింది డోరా నిర్బంధ శిబిరం ఖైదీలు. దాదాపు 60,000 మందిని అక్కడికి, దాని ఉపశిబిరాలకు తెచ్చారు. సుమారు 20,000 మంది చనిపోయారు. సైనికులకు నార్డ్‌హౌజెన్‌లో ముందు కనిపించినవి రాకెట్లు కావు, ఆ ఖైదీల శవాలు.

ఇక తరలింపు. అమెరికన్ సైన్యంలో ఆయుధాల విభాగం అధికారి కర్నల్ టాఫ్టాయ్ అడిగింది 100 రాకెట్లకు సరిపడా సామాను. ఒక్కో వి-2 పొడవు 14 మీటర్లు, ఇంధనం లేకుండానే బరువు సుమారు 4 టన్నులు. చిక్కెక్కడంటే, ఒక రాకెట్‌కు ఏయే భాగాలు ఎన్నెన్ని కావాలో చెప్పే పూర్తి జాబితా వాళ్ల చేతిలో లేదు. అందుకని కంటబడిన ప్రతి రకం భాగాన్నీ వందేసి లెక్కన ఎక్కించారు. ఆ ప్రాంతం త్వరలో సోవియట్లకు అప్పగించాల్సింది కాబట్టి తీరిగ్గా సరిచూసుకునే వ్యవధి లేదు. మొదటి రైలు మే 22న కదిలింది. మొత్తం 341 వ్యాగన్ల సరుకు బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవుకు, అక్కడ 16 లిబర్టీ ఓడల్లోకెక్కి (యుద్ధకాలపు అమెరికన్ సరుకు ఓడలు) న్యూ ఆర్లీన్స్‌కు, చివరికి న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ ప్రయోగ కేంద్రానికి చేరింది.

పెట్టెలు విప్పాకే లోటు బయటపడింది. పెద్ద భాగాలు దండిగా ఉన్నాయి, రాకెట్‌ను దారిలో నిలిపే గైరోస్కోపుల వంటి సున్నితమైన పరికరాలు మాత్రం చాల్లేదు. కొన్నిటిని కొత్తగా చేయించుకోవాల్సి వచ్చింది. అక్కడ మొదటి వి-2ను 1946 ఏప్రిల్ 16న ప్రయోగించారు. రెక్క ఒకటి ఊడిపోవడంతో గాల్లో ఉండగానే ఇంజను ఆపేశారు.

ప్రశ్న: వెళ్తూ ఆ సొరంగాలను పేల్చేయలేదా?
— ఓ పాఠకురాలు, హన్మకొండ

జవాబు: లేదు. జూలై మొదట్లో వచ్చిన సోవియట్లకు యంత్రాలు, భాగాలు ఇంకా చాలానే దొరికాయి. దగ్గర్లోని బ్లైషెరోడెలో జర్మన్ ఇంజనీర్లను కూర్చోబెట్టి పని మొదలుపెట్టారు. 1947 అక్టోబరు 18న తమ దేశంలోని కపూస్తిన్ యార్ ప్రయోగ కేంద్రంలో తమ మొదటి వి-2ను ఎగరేశారు. సొరంగ ద్వారాలను 1948లో వాళ్లే పేల్చి మూసేశారు.