నీలగిరి కొండ రైలు ఎక్కబోయే ముందు

చిరంజీవి సుమతికి మామయ్య ఆశీస్సులు.

వేసవి సెలవుల్లో పిల్లలతో ఊటీ వెళ్తున్నామనీ, వీలైతే కొండ రైలు కూడా ఎక్కుతామనీ రాశావు. నా మాట విని ఆ వరుసను తిరగెయ్యి. ఊటీకి బస్సులో ఎప్పుడైనా వెళ్ళవచ్చు గాని, ఈ రైలు కోసం ఒక పగలంతా విడిగా అట్టేపెట్టుకోవాలి.

ముందుగా టికెట్ల సంగతి. పెట్టెలు చిన్నవి, సీట్లు కొద్ది, వేసవిలో రద్దీ విపరీతం. కాబట్టి రిజర్వేషను తెరవగానే చేయించుకో. మెట్టుపాళయం నుంచి ఊటీ దాకా ఉన్న 46 కిలోమీటర్లకూ దొరకకపోతే కూనూరు దాకా తీసుకున్నా చాలు. చాలామంది పొరపడేది ఇక్కడే. కూనూరు నుంచి ఊటీకి బండిని లాగేది డీజిలు ఇంజను; ఆ దారి అందమైనదే అయినా, 1899లో మొదలైన అసలు ఆవిరి బండి విశేషం కూనూరుకు దిగువనే ఉంది. 1908లో గాని లైను ఊటీ చేరలేదు. పైగా ఎక్కేటప్పుడే వెళ్ళాలి సుమా. దిగేటప్పుడు ఇంజను పడే శ్రమ అంతగా తెలియదు.

బండి ఉదయం ఏడు దాటగానే బయలుదేరుతుంది కనుక ముందు రాత్రి మెట్టుపాళయంలోనే బస చేసి, అరగంట ముందే స్టేషనుకు చేరుకోండి. సీట్లు రిజర్వు అయ్యే ఉంటాయి కాబట్టి పిల్లలను నేరుగా పెట్టెలోకి ఎక్కించకుండా ఇంజను దగ్గరకు తీసుకువెళ్ళు. అది బండికి ముందు కాక వెనుక ఉండడం చూసి వాళ్ళు తప్పక అడుగుతారు. దారిలో వచ్చే కల్లార్ స్టేషను దాటాక వాలు కొన్నిచోట్ల పన్నెండు అడుగులకు ఒక అడుగు చొప్పున ఉంటుంది. అంత ఎత్తుకు మామూలు చక్రాలు పట్టు దొరక్క జారిపోతాయి. అందుకని పట్టాల నడుమ పళ్ళున్న రెండు కమ్మీలు పక్కపక్కనే బిగించారు. ఒకదాని పన్ను ఉన్నచోట రెండోదానికి సందు వస్తుంది, ఇంజను కింది పళ్ళ చక్రాలు వాటిని పట్టుకుని పైకి పాకుతాయి. ఇంజనుకు ఉన్న నాలుగు సిలిండర్లలో రెండు మామూలు చక్రాలకు, రెండు ఈ పళ్ళ చక్రాలకు. ఇదంతా ముందే చెప్పి ఉంచితే, కల్లార్ తరువాత బండి గంటకు పదమూడు కిలోమీటర్లకు మించకుండా నడుస్తున్నా పిల్లలు విసుక్కోరు.

ప్రతి పెట్టె ముందు వరండా వంటి చోట ఒక బ్రేక్స్‌మన్ ఉంటాడు. డ్రైవరు వెనుక ఉండిపోతాడు కాబట్టి ముందున్న దారి చూసి జెండాతో సైగ చేసేదీ, ఆ పెట్టె బ్రేకు వేసేదీ అతనే. వీలైతే అతను కనబడే చోట కూర్చోండి. నా దృష్టిలో లోయకంటే అతని పని చూడదగినది.

పెట్టెల్లో మరుగుదొడ్డి ఉండదు. మీ అత్తగారు కూడా వస్తున్నారు గనుక ఇది గుర్తుంచుకో. హిల్‌గ్రోవ్ వంటి చోట్ల బండి నీళ్ళకు ఆగినప్పుడే ఆ పని చూసుకోవాలి. అక్కడ కోతులు ఎక్కువ, తినుబండారాల సంచీ చేతిలో వేలాడదీసుకుని దిగవద్దు. సొరంగాల్లో పొగ లోపలికి వస్తుంది కాబట్టి తెల్ల బట్టలు మానండి. ఊటీ సముద్రమట్టానికి 2,200 మీటర్ల ఎత్తున ఉంది, స్వెట్టర్లు అడుగున సర్దకు.

వేసవి కుదరక ప్రయాణం వాయిదా పడితే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం పెట్టుకోవద్దు. ఆ వానలకు కొండచరియలు విరిగి పట్టాల మీద పడి, బండ్లు రోజుల తరబడి రద్దవుతుంటాయి. తిరుగు ప్రయాణం రోడ్డు మీదుగానే పెట్టుకోండి. మలుపులకు కడుపులో తిప్పే అలవాటున్న చిన్నవాడికి బయలుదేరే ముందు ఎక్కువ తినిపించకు.

ఇట్లు,
మీ మామయ్య