తనిఖీకి ముందే రంగులు వేయించకండి

పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు

ప్రశ్న: పాతికేళ్ల నాటి ఇల్లు అద్దెకిస్తున్నాం. మూడు వారాల్లో భద్రతా తనిఖీ ఉంది. ముందుగా రంగులు వేయిద్దామనుకుంటున్నాం. ఇంకేం చూసుకోవాలి?

జవాబు: రంగుల పని చివరికి పెట్టుకోండి. గోడ ఎంత మెరుస్తోందన్నది తనిఖీదారుకు అక్కర్లేదు. తేడా వస్తే కరెంటు ఆగుతుందా, పొగ వస్తే అలారం మోగుతుందా, మనుషులు బయటపడగలరా అన్నదే ఆయన చూస్తారు. పైగా రంగుల హడావిడిలో కొత్త తప్పులు పుట్టుకొస్తాయి. పొగ అలారం రంధ్రాలు పెయింటుతో మూసుకుపోతాయి, కిటికీ రెక్కలు అతుక్కుపోతాయి, స్విచ్‌బోర్డు మూత విప్పినవాళ్లు ఒక స్క్రూ మరిచి బిగిస్తారు.

మొదటి వారంలోనే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో వైరింగ్ పరీక్ష చేయించి, రీడింగులు కాగితం మీద రాయించుకోండి. ‘అంతా బాగుంది’ అన్న నోటిమాట చెల్లదు. 230 వోల్టుల సర్క్యూట్లకు 500 వోల్టుల డీసీతో ఇన్సులేషన్ (కరెంటు బయటికి పోకుండా వైరు తొడుగు ఎంత ఆపుతోందన్న) పరీక్ష చేస్తే కనీసం 1 మెగాఓమ్ రావాలి. అంతకన్నా తగ్గితే తడి చేరిన జంక్షన్ బాక్సో, పెళుసుబారిన పాత వైరో ఎక్కడో ఉన్నట్టే. ఎంసీబీకీ (కరెంటు హద్దు మీరితే దానంతటదే పడిపోయే స్విచ్), వైరుకూ జోడీ కుదిరిందో లేదో కూడా చూడమనండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల లైట్ల వైరుకు, మాటిమాటికీ పడిపోతోందని 32 ఆంపియర్ల ఎంసీబీ బిగించిన ఇళ్లు తక్కువేం కాదు. అక్కడ ఎంసీబీ పడకముందే వైరు కాలుతుంది.

మెట్ల కమ్మీని గట్టిగా పట్టుకుని ఊపి చూడండి. బాల్కనీ, మెట్ల కడ్డీల మధ్య 10 సెంటీమీటర్ల బంతి దూరకూడదు, ఎందుకంటే పసిపిల్లల తల ఇరుక్కునేది అక్కడే. స్థానిక నిబంధనల్లో కొలతలు కొంత అటూ ఇటూ ఉండొచ్చు కాబట్టి తనిఖీ పట్టిక ముందే తెప్పించుకోండి.

ప్రశ్న: మా అద్దె ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తరచూ పడిపోతోంది. ఎలక్ట్రీషియన్ దాన్ని తీసేద్దామంటున్నాడు. టెస్ట్ బటన్ నొక్కితే మాత్రం సరిగ్గానే పనిచేస్తోంది. తీసేయవచ్చా?

జవాబు: వద్దు. మనిషిని షాక్ నుంచి కాపాడేది 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే పడిపోయే ఆ పరికరమే. దాన్ని తీసేసి 100 మిల్లీఆంపియర్లది పెట్టినా అంతే సంగతి, అది మంటలకు అడ్డుగా పనికొస్తుందేమో గానీ ప్రాణానికి కాదు.

ముందు ప్లగ్గులన్నీ పీకేసి, ఎంసీబీలన్నీ దించి ఆర్‌సీసీబీ ఎక్కించండి. ఆపైన ఒక్కో ఎంసీబీ, తర్వాత ఒక్కో పరికరం కలుపుతూ పోండి. ఏది కలిపినప్పుడు పడిందో దోషం అక్కడే. ఎక్కువసార్లు దొరికేది గీజర్ ఎలిమెంటు, లేదా వాన తగిలే బయటి సాకెట్. ఎంసీబీలు దించినా పడుతోందంటే ఎక్కడో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) ఎర్త్‌ను (భూమికి కలిపిన రక్షణ వైరు) తాకుతూ ఉండొచ్చు. మామూలు సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజ్‌నే (కరెంటు తెచ్చే వైరునే) తెంచుతుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది, అందుకే ఈ దోషం అలా దాక్కుంటుంది. మెయిన్ ఆపి న్యూట్రళ్లను ఒక్కొక్కటిగా విడదీసి వెతకడం ఎలక్ట్రీషియన్ పని.

ఏ దోషమూ దొరక్కపోతే చిన్న లీకేజీలు కూడి ఉండొచ్చు. కంప్యూటర్లు, ఇండక్షన్ పొయ్యి, వాషింగ్ మెషీన్ తలా కొంచెం వదులుతాయి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, మొత్తం లీకేజీ 15 మిల్లీఆంపియర్లు దాటాక ఎప్పుడైనా పడవచ్చు. సర్క్యూట్లను రెండు ఆర్‌సీసీబీల కింద పంచితే సరిపోతుంది.

టెస్ట్ బటన్ సంగతి మరొకటి. ఎర్త్ వైరు అసలు లేకపోయినా ఆ బటన్ పనిచేస్తుంది. అది పరికరం లోపలి పరీక్షే తప్ప ఎర్తింగ్‌కు హామీ కాదు. ఎర్త్‌ను సాకెట్ దగ్గర మీటరుతో విడిగా కొలిపించాలి.

ప్రశ్న: బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే తనిఖీలో సరిపోతుందా?

జవాబు: సరిపోదు, ఒక్కోసారి ఇంకా ప్రమాదం. మూసిన గదిలో ఫ్యాన్ గాలిని లాగుతుంటే గొట్టం గుండా పోవలసిన పొగ వెనక్కి గదిలోకే వస్తుంది. గాలి చాలక మంట సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా లేవు, స్నానం చేస్తున్న మనిషికి తెలిసేలోపే స్పృహ పోతుంది. గీజర్‌ను బాత్‌రూమ్‌లోంచి తీసి ఇంటి బయట గోడకు మార్చండి, లేదా గాలి తీసుకోవడం, పొగ వదలడం రెండూ బయటి నుంచే జరిగే సీల్డ్ రకం బిగించండి. మంట నీలంగా ఉండాలి. పసుపు పచ్చగా మారి మసి పడుతుంటే వాడకం ఆపేయండి.

గ్యాస్ గొట్టం మీద ముద్రించిన గడువు చూసుకుని, సబ్బు నురగతో ప్రతి జాయింటునూ పరీక్షించండి. అగ్గిపుల్లతో కాదు. ఎల్‌పీజీ గాలికన్నా బరువైనది, కాబట్టి వెంటిలేషన్ నేలకు దగ్గరగానూ ఉండాలి.

ప్రశ్న: పొగ అలారం ఎక్కడ పెట్టాలి? దొంగల భయంతో కిటికీలన్నిటికీ గ్రిల్స్ ఉన్నాయి, ఫర్వాలేదా?

జవాబు: ప్రతి అంతస్తులోనూ, పడకగదుల బయటి నడవాలోనూ పైకప్పుకు బిగించండి. గోడకూ లైటుకూ 30 సెంటీమీటర్లు ఎడంగా ఉండాలి. వంటగదిలో పెడితే పోపు వేసిన ప్రతిసారీ మోగుతుంది, విసిగి అద్దెవాళ్లు బ్యాటరీ పీకేస్తారు, అక్కడికి వేడిని పసిగట్టే రకం మేలు. వెనక తయారీ తేదీ చూడండి, పదేళ్లు దాటితే మోగినా మార్చాల్సిందే.

గ్రిల్స్ తీయనక్కర్లేదు. ప్రతి పడకగదిలో కనీసం ఒకటి లోపలి నుంచి, తాళంచెవి అవసరం లేకుండా తెరుచుకునే కీళ్ల గ్రిల్ చేయించండి. ముఖద్వారానికీ అంతే: లోపలి వైపు తాళం రంధ్రం కాకుండా, చేత్తో తిప్పే గడియ ఉండాలి.