పునాది రిపేరుకు మూడు కొటేషన్లు: తక్కువ రేటుకు ఇచ్చేయొచ్చా?

ప్రశ్న: మాది నరసరావుపేట శివార్లలో నల్లరేగడి నేల మీద కట్టిన డాబా ఇల్లు. సొంత స్థలంలో కట్టించుకుని పదకొండేళ్లయింది. రెండేళ్లుగా ఈశాన్యం మూల కిటికీల దగ్గర ఐమూలగా పగుళ్లు వస్తున్నాయి, తలుపు పట్టేస్తోంది. ఒక మేస్త్రీ ‘పునాది బలపరచుట, మొత్తం రూ. 2,40,000’ అని ఒక్క లైను రాసిచ్చి 60 శాతం అడ్వాన్సు అడుగుతున్నారు. రెండోవారు సిమెంటు గ్రౌటింగ్‌కి రూ. 4,10,000 అన్నారు. మూడో కంపెనీ పైల్స్ వేసి పదేళ్ల గ్యారంటీ ఇస్తామని రూ. 6,75,000 చెప్పింది. తక్కువకు ఇస్తే నష్టమేమిటి? తేడా వస్తే కేసు వేయొచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: కేసు వేయొచ్చండి. అయితే మొదటి కొటేషన్‌ను పట్టుకుని వేస్తే నిలబడటం కష్టం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం కొటేషన్ ఒక ప్రతిపాదన. మీరు సరేనని అడ్వాన్సు ఇవ్వగానే అదే ఒప్పందమవుతుంది. అందులో ఎంత లోతు తవ్వాలో, ఎన్ని చోట్ల తవ్వాలో, ఏ గ్రేడు కాంక్రీటు వేయాలో, ఎంత స్టీలు వాడాలో ఏమీ లేదు. రేపు ఆయన నాలుగు గుంతలు తీసి కాంక్రీటు పోసి ‘బలపరిచాను కదా’ అంటే, కాదనడానికి మీ దగ్గర కొలత ఏదీ ఉండదు.

అసలు ఈ మూడు రేట్లనూ పక్కపక్కన పెట్టి పోల్చలేం, ఎందుకంటే ఇవి మూడు వేర్వేరు పనులు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. ఒక మూల మాత్రమే కదులుతోందంటే ముందు ఆ మూల దగ్గర బాత్‌రూం పైపు, సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత, పెద్ద చెట్టు ఏమున్నాయో చూడాలి. లీకు ఆపి, ఇంటి చుట్టూ వాలుతో సిమెంటు చప్టా వేస్తే సరిపోయే ఇళ్లూ ఉంటాయి. గ్రౌటింగ్, అంటే సిమెంటు పాలను నేలలోకి ఎక్కించడం, వదులు మట్టిలోని ఖాళీలను నింపుతుంది. రేగడి బంకమట్టి రంధ్రాల్లోకి సిమెంటు పాలు చొరబడవు, కాబట్టి ఉబ్బే గుణం అలాగే ఉంటుంది. ఇక పైల్స్, అంటే నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాల సంగతి. లోతైన రేగడిలో అండర్‌రీమ్డ్ పైల్ (అడుగున బల్బులా ఉబ్బెత్తుగా ఉండే పైల్) పొడవు నేలమట్టం నుంచి కనీసం 3.5 మీటర్లు ఉండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 2911 మూడో భాగం చెబుతుంది. అడుగున ఉండే బల్బు వ్యాసం సాధారణంగా కాండానికి రెండున్నర రెట్లు. కంపెనీ కొటేషన్‌లో ఈ కొలతలున్నాయా? కొత్త పైల్‌ను పాత పునాదికి ఏ బీముతో కలుపుతారో రాశారా? ఆ జోడింపు లేకపోతే పైల్ దారి పైల్‌ది, గోడ దారి గోడది.

కాబట్టి ముందు ఈ ముగ్గురితోనూ సంబంధం లేని స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించండి. ఫ్రీ స్వెల్ ఇండెక్స్‌తో (మట్టి తడిస్తే ఎంత ఉబ్బుతుందో చెప్పే కొలత) సహా మట్టి పరీక్ష చేయించి, కారణం రాసిన రిపోర్టు, డ్రాయింగు, పరిమాణాల పట్టిక తీసుకోండి. ఆ పట్టిక మీదే ముగ్గురి దగ్గరా ఐటెం వారీగా రేట్లు అడగండి. పగుళ్ల మీద సన్నని గాజు పట్టీలు అడ్డంగా అంటించి, తేదీ రాసి ఫొటో తీయండి. పట్టీ విరిగితే గోడ ఇంకా కదులుతున్నట్టే. పనికి ముందు ఇల్లు ఎలా ఉందో చెప్పే సాక్ష్యం కూడా అదే.

ఒప్పందాన్ని రూ. 100 స్టాంపు కాగితం మీద రాసుకోండి, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. డ్రాయింగునూ పట్టికనూ దానికి జతచేసి ప్రతి పేజీ మీదా ఇద్దరూ సంతకాలు పెట్టండి. తవ్వే వరస తప్పకుండా రాయించండి. పునాది కింద తవ్వాల్సి వస్తే మీటరు, మీటరున్నర మించని ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వాలి. మొదటివి పూడ్చి, కాంక్రీటు గట్టిపడ్డాకే పక్కవి తెరవాలి. తొందరపడి ఒక వైపంతా ఒకేసారి తెరిచేస్తే గోడ కూర్చుంటుంది. వరస కాగితం మీద ఉంటే ఆ నిర్లక్ష్యాన్ని నిరూపించడం తేలిక.

డబ్బు విషయానికొస్తే, 60 శాతం అడ్వాన్సు ఇవ్వకండి. 10 శాతం చాలు. మిగతాది కొలిచిన పనికే ఇవ్వండి. మట్టి కప్పేముందు ప్రతి గుంతలో టేపు పెట్టి ఫొటో తీసి, ఇంజినీరు సంతకం అయ్యాకే బిల్లు చెల్లించండి. చివరి 10 శాతం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచేదాకా మీ దగ్గరే ఉంచుకునేలా షరతు పెట్టండి. రేగడి నేల మీద చేసిన పనికి అసలు పరీక్ష ఆ రెండు కాలాలే.

అదనపు పని దగ్గరే ఎక్కువ పేచీలొస్తాయి. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు చేసిన పనితో మీరు లాభం పొందితే, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 70 కింద వారు పరిహారం అడగగలరు. ‘యజమాని రాతపూర్వక అనుమతి లేని అదనపు పనికి చెల్లింపు ఉండదు’ అని ముందే రాసుకోండి. ఆలస్యానికి రోజుకింత పరిహారం అని ఒప్పందంలో రాసుకోవచ్చు. కోర్టు అదే చట్టం సెక్షన్ 74 కింద ఆ మొత్తానికి మించకుండా సబబైన పరిహారమే ఇప్పిస్తుంది.

బిల్లు వద్దంటే తగ్గిస్తామంటారు, ఒప్పుకోకండి. వినియోగదారుగా ఫిర్యాదు చేయాలంటే డబ్బిచ్చిన రుజువు కావాలి. చెక్కు, యూపీఐ ఏదైనా సరే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేనివారికి మాత్రం ఆ పన్ను వసూలు చేసే హక్కు లేదు. నంబరు అడిగి పోర్టల్‌లో సరిచూసుకోండి.

పదేళ్ల గ్యారంటీ ఎవరిస్తున్నారో చూడండి. సొంత పేరుతో వ్యాపారం చేసే వ్యక్తి అయితే ఆయన ఆస్తి కూడా బాధ్యతలోకి వస్తుంది. ప్రైవేటు లిమిటెడ్ అయితే మామూలుగా బాధ్యత కంపెనీదే. అది మూతపడితే గ్యారంటీ కాగితమే మిగులుతుంది. ‘నేల కదలిక వల్ల వచ్చే పగుళ్లకు వర్తించదు’ అని అడుగున రాసుంటే, మీ ఇంటికి ఆ గ్యారంటీ దేనికీ పనికిరాదు. ఏ పగులు ఎన్ని మిల్లీమీటర్లు దాటితే, ఎన్ని రోజుల్లో, ఎవరి ఖర్చుతో బాగుచేస్తారో రాయించండి.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో గృహ నిర్మాణం ‘సేవ’ కిందికి వస్తుంది. రిపేరు పనిలో లోపాన్ని కూడా ఆ చట్టం కింద ప్రశ్నించవచ్చు. మీరు నివసించే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము రూ. 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ (పేచీని మధ్యవర్తి తేల్చాలనే) షరతు ఉన్నా ఈ దారి మూసుకుపోదు. పని బాగా చేయనంత మాత్రాన చీటింగ్ కేసు నిలవదు, మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. వాట్సాప్ సందేశాలు చెరిపేయకండి. వాటిని సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి.

ఒకవేళ పని చెడితే, కోపంతో వెంటనే ఇంకొకరిని పిలిచి అంతా తవ్వించేయకండి. ముందు లాయర్ నోటీసు ఇచ్చి, సరిచేయడానికి 15 రోజులు గడువు పెట్టండి. ఈలోగా ఇంజినీరు చేత కొలతలు, ఫొటోలతో రిపోర్టు రాయించండి. సివిల్ కోర్టుకు వెళ్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద కమిషనర్‌ను పంపి తనిఖీ చేయించమని అడగవచ్చు. ఇల్లు కూలే ప్రమాదముంటే మాత్రం దన్ను పెట్టించి మనుషులను ఖాళీ చేయించండి, అందుకైన ఖర్చు రసీదులను నష్టపరిహారం లెక్కలో చూపించండి.