రేడియేటర్‌కు 9,500, లోన్ 40 వేలు: లెక్క ఎక్కడ తప్పింది?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. వయసు 34. జీతం చేతికి 68 వేలు. అద్దె 19 వేలు, చిత్తూరులో అమ్మానాన్నలకు 8 వేలు, మ్యూచువల్ ఫండ్ల నెలవారీ సిప్‌లు 12 వేలు, చీటీ 5 వేలు. కారు టైర్ల కోసం తీసుకున్న యాప్ లోన్ ఈఎంఐ 4,100 ఇంకా ఐదు నెలలు కట్టాలి. మ్యూచువల్ ఫండ్లలో 2.1 లక్షలు, బ్యాంకులో 11 వేలు ఉన్నాయి. మాది 2012 పెట్రోల్ కారు. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ తగ్గిపోతోంది. సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో రెండుసార్లు టెంపరేచర్ ముల్లు పైకి పోయింది. ఒక మెకానిక్ రేడియేటర్ మార్చాలి, 9,500 అన్నాడు. ఇంకో గ్యారేజీలో ఇంజిన్ విప్పాలి, 38 వేల దాకా అవుతుందన్నారు. ఎందుకైనా మంచిదని యాప్‌లో 40 వేలు తీసుకోనా? లేక నీళ్లు పోసుకుంటూ దసరా దాకా నడిపి, కొత్త కారు లోన్‌కు వెళ్లనా? ఇన్సూరెన్స్ క్లెయిమ్ వస్తుందా?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరికి ఫ్రిజ్, ఒకరికి పంటి రూట్ కెనాల్, మీకు రేడియేటర్. మిగతా కథంతా ఒకటే. నెలనెలా 17 వేలు సిప్‌లకు, చీటీకి ఠంచనుగా వెళ్తాయి, బ్యాంకులో మాత్రం పట్టుమని పదిహేను వేలు ఉండవు. పొదుపు చేస్తున్నామన్న ధీమా ఉంటుంది. చిన్న రిపేరు రాగానే చెయ్యి యాప్ మీదికి పోతుంది. టైర్లకు ఒకసారి అదే చేశారు, ఇప్పుడు రెండోసారి చేయబోతున్నారు.

ముందు కారు సంగతి చూద్దాం. 9,500కీ 38 వేలకీ మధ్య ఉన్న తేడాను నోటిమాట మీద తేల్చుకోకూడదు. ఎంత డబ్బు కావాలో తెలియకుండానే లోన్ మొత్తం ఖాయం చేసుకున్నారు, అదే నాకు నచ్చలేదు.

రేపు పొద్దున బండి స్టార్ట్ చేయకముందు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తండి. రిజర్వ్ ట్యాంకులో కూలెంట్ ఎక్కడుందో మార్కర్‌తో గీత పెట్టుకోండి. రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరవండి, చుక్క ఎక్కడ పడిందో తెల్లారేసరికి తెలుస్తుంది. రేడియేటర్‌కు రెండు పక్కలా గానీ, పైనా కిందా గానీ ప్లాస్టిక్ ట్యాంకులు ఉంటాయి. అవి అల్యూమినియం భాగంతో కలిసే అంచు వెంట తెల్లగానో పచ్చగానో పొక్కు కట్టి ఉంటే లీకు అక్కడే. హోస్ పైపుల క్లిప్పులు, వాటర్ పంప్ కింది భాగం కూడా చూడండి. ఇంజిన్ ఆయిల్ పోసే మూత తీసి లోపలివైపు చూడండి. పాలు కలిపిన కాఫీలా జిగురు కనిపిస్తే, లేదా ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకపోతే, ఇంజిన్ విప్పాలన్న రెండో గ్యారేజీవాళ్ల మాటను కొట్టిపారేయలేం, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోయి ఉండొచ్చు. వేడి మీద మాత్రం రేడియేటర్ మూత జోలికి వెళ్లకండి, చేతులు, ముఖం కాలిపోతాయి.

మీ ఉత్తరంలో ఇంకో ఆధారం కూడా ఉంది. ముల్లు నిలిచిన ట్రాఫిక్‌లోనే లేచి, బండి కదలగానే దిగిపోతుంటే రేడియేటర్ ఫ్యాన్ మీదా అనుమానం పెట్టుకోవాలి. బండి నిలబెట్టి ఏసీ వేయండి. ఫ్యాన్ తిరగకపోతే ముందు ఫ్యూజు, రిలే, మోటారు చూపించండి. రేడియేటర్ కొత్తది వేసినా ఫ్యాన్ పని చేయకపోతే సిల్క్ బోర్డ్ దగ్గర మళ్లీ అదే కథ.

ఆ తర్వాత ప్రెషర్ టెస్ట్ చేయించండి. రేడియేటర్ మూత స్థానంలో చిన్న చేతిపంపు బిగించి, మూత మీద రాసి ఉన్న ప్రెషర్ దాకా ఎక్కించి వదిలేస్తారు. పది నిమిషాల్లో మీటరు పడిపోతే లీకు ఉన్నట్టే. బయట తడి కనిపిస్తే రేడియేటరో, పైపో, పంపో. బయట ఎక్కడా తడి లేకుండా పడిపోతే హీటర్ లీకై ముందు సీట్లో కాళ్లు పెట్టుకునే చోట కార్పెట్ తడిసిందేమో చూడాలి, అదీ లేకపోతే ఇంజిన్ లోపల వెతకాలి. ఈ టెస్ట్ చేయకుండా ఇంజిన్ విప్పుతామనే చోట తాళాలు ఇవ్వొద్దు. రేడియేటరే అని తేలితే, మెకానిక్ చెప్పిన రేటుకు ఒప్పుకునే ముందు విడిభాగాల దుకాణాలుండే జేసీ రోడ్డులో ధర ఒకసారి కనుక్కోండి.

నీళ్లు పోసుకుంటూ నడపడం గురించి అడిగారు. వద్దు. మీ వైపు ట్యాంకర్ నీళ్లు పట్టిన బకెట్ అంచున తెల్లగా పేరుకునే ఉప్పును చూసే ఉంటారు, రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అదే పేరుకుంటుంది. లీకు ఆగడానికి పసుపు వేయమనేవాళ్లు ఉంటారు, లారీలవాళ్ల చిట్కా అది. రోడ్డు మీద చిక్కుకుంటే గ్యారేజీ దాకా చేరడానికి పనికొస్తుందేమో గానీ దసరా దాకా కాదు. ఎక్కువ వేడికి అల్యూమినియం హెడ్ వంకర తిరిగిందంటే, ఇవాళ 9,500తో పోయేది 38 వేలు దాటుతుంది.

ఇన్సూరెన్స్ అంటారా, అరుగుదల, మెకానికల్ బ్రేక్‌డౌన్ మామూలు మోటార్ పాలసీలో రావు. పైగా బండి చెడిపోయాక రిపేరు చేయించకుండా నడిపితే, ఆపైన జరిగే నష్టం యజమానిదేనని పాలసీ షరతుల్లోనే ఉంటుంది.

ఇక డబ్బు. మీరు చూస్తున్న యాప్ వడ్డీ నెలకు రెండున్నర శాతం, ప్రాసెసింగ్ ఫీజు మూడు శాతం అనుకుందాం. 40 వేలు అడిగితే ఫీజు, జీఎస్టీ పోను చేతికి 38,584 వస్తుంది. ఆరు నెలలకైతే ఈఎంఐ దాదాపు 7,260. ఇప్పటికే అన్నీ పోను మీకు ఇంటి ఖర్చుకు మిగిలేది 19,900. ఈ ఈఎంఐ కూడా తీసేస్తే 12,600. బెంగళూరులో దాంతో కిరాణా, కరెంటు, పెట్రోలు వెళ్లదీస్తారా? తీయలేరు. మూడో నెలకు క్రెడిట్ కార్డు గీకుతారు, మినిమమ్ డ్యూ కడతారు, ఇంకో యాప్ నుంచి ‘ప్రీ అప్రూవ్డ్’ మెసేజ్ వస్తుంది. ఇలా మూడు యాప్‌లు, రెండు కార్డులు పెట్టుకుని నా ముందు కూర్చున్నవాళ్లను చాలామందిని చూశాను. అందరిదీ మొదటి లోన్ చిన్నదే. మీ దగ్గర సొంత డబ్బు 2.1 లక్షలు ఉండగా ఈ అప్పు ఎందుకండీ?

రేడియేటర్ మాత్రమే అయితే ఈ నెల సిప్‌లు ఆపి, బ్యాంకులో ఉన్నదానితో కట్టేయండి. 38 వేలే అయినా ఫండ్లలో ఏడాది దాటిన యూనిట్లు అమ్మండి, రెండు మూడు పనిదినాల్లో డబ్బు ఖాతాలో పడుతుంది. ఈక్విటీ ఫండ్లయితే ఏడాదికి 1.25 లక్షల దాకా దీర్ఘకాలిక లాభంపై పన్ను కూడా లేదు. ‘మార్కెట్ తగ్గి ఉంది, ఇప్పుడు అమ్మితే నష్టం’ అంటారేమో. ఏటా ముప్పై శాతం వడ్డీ కట్టి ఫండ్లను కాపాడుకోవడం కంటే పెద్ద నష్టం ఏముంది? చీటీని మాత్రం తక్కువకు పాడేసి చేతులు కాల్చుకోకండి.

తర్వాత సిప్‌లు నాలుగు నెలలు ఆగనివ్వండి. నెలకు 12 వేలు చొప్పున 48 వేలు. పాత లోన్ అయిపోయాక ఆ 4,100 కూడా ఇందులోకే. మీ ఇంటికి మూడు నెలల ఖర్చు, అంటే అద్దె, ఊరికి పంపేది, ఇంటి ఖర్చు కలిపి సుమారు 1.4 లక్షలు, అమ్మకుండా, అడక్కుండా చేతికందేలా ఉండాలి. సగం స్వీప్ సౌకర్యం (మిగులు సొమ్ము దానంతటదే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి వెళ్లేది) ఉన్న ఖాతాలో, సగం త్వరగా వెనక్కి తీసుకోగలిగే లిక్విడ్ ఫండ్‌లో పెట్టండి. జీతం పడే ఖాతాలో మాత్రం వద్దు, అక్కడుంటే ఆన్‌లైన్ షాపింగ్‌లో కరిగిపోతుంది. అంత సొమ్ము త్వరగా పోగవదనుకుంటే ఇప్పుడున్న ఫండ్లలోంచే 60 వేలు ఇటు మళ్లించండి. ఈ మూడు నెలల ఖర్చు పోగయ్యేదాకా కొత్త సిప్ ఊసు నా దగ్గర ఎత్తొద్దు.

కారుకు వేరే పెట్టె కావాలి. 2012 బండికి టైర్లు, బ్యాటరీ, రేడియేటర్ వరసగా వస్తూనే ఉంటాయి, అవి హఠాత్తుగా వచ్చేవి కావు. నెలకు 2 వేలు ఒక రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. 2027లో పదిహేనేళ్లు నిండి ఆర్సీ రెన్యువల్, ఫిట్‌నెస్ ఎదురవుతాయి, ఆ ఖర్చూ దీంట్లోంచే వెళ్తుంది. ఇది నా స్వానుభవంతో చెప్తున్న మాట. ఒకప్పుడు నా పాత కారు క్లచ్ హోసూరు రోడ్డు మీద పోతే, ఆ నెల మా అమ్మాయి స్కూలు ఫీజులోంచి కట్టాను. అప్పటికి నేను నలుగురికి సలహాలిచ్చే ఉద్యోగంలోనే ఉన్నాను!

కొత్త కారంటే, 6.5 లక్షల లోన్‌కు తొమ్మిదిన్నర శాతంతో ఐదేళ్లకు ఈఎంఐ 13,650. మీ లెక్కలో దానికి చోటు లేదు. ఇంజిన్ నిజంగానే పోయిందని తేలితే అప్పుడు రాయండి.

రేపు ఆసుపత్రి ఖర్చు వచ్చినా చెయ్యి యాప్ మీదికి పోకూడదంటే, ఆఫీసువాళ్ల హెల్త్ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నలు ఉన్నారో లేదో కూడా కనుక్కోండి.

దసరాకు ఊరెళ్లే ముందు రిపేరు అయి, వారం రోజులు మార్కర్ గీత దగ్గరే కూలెంట్ నిలిస్తేనే కారు తీయండి. తిరుగు ప్రయాణంలో నిండు బండితో, ఏసీ వేసుకుని మొగిలి ఘాట్ ఎక్కాలి. గీత కిందికి దిగితే కె.ఆర్.పురంలో చిత్తూరు బస్సు ఎక్కేయండి.